మంత్రి తాత ఇచ్చిన సెలవు

సోడా బండి దగ్గర మెరూన్ రంగు టై కనిపించింది. నేను మొట్టమొదట భయపడింది దాన్ని చూసే.

పచ్చిమిరపకాయల కోసం కిందికి దిగాను. పదకొండున్నర అయి ఉంటుంది. బండి పక్కన పదేళ్ళ పిల్లవాడొకడు పుస్తకాల సంచీ వీపున వేసుకుని, ఎర్రటి పుల్ల ఐసు చీకుతూ నిలబడ్డాడు. మా పిల్లల స్కూలు టై, మా పిల్లల స్కూలు బెల్టు. ఆ వేళప్పుడు ఆ యూనిఫాం వీధిలో ఉండకూడదు. ఒంట్లో బాగాలేక ఇంటికి పంపించారేమో అనుకున్నాను. జ్వరమొచ్చినవాడు ఐసు చీకడు కదా అని కూడా అనుకున్నాను. ఈలోగా వాడి వెనక నుంచి ఇంకో ఇద్దరు అదే యూనిఫాంలో కేకలు వేసుకుంటూ పరుగెత్తిపోయారు.

"బాబూ, స్కూలు లేదా?"

"సెలవిచ్చేశారాంటీ."

"ఎవరిచ్చారు?"

"మంత్రి తాత. అందర్నీ పంపించేశారు."

మా రిక్షా మల్లయ్య మూడున్నరకి గాని స్కూలు దగ్గరికి వెళ్ళడు. అప్పుడు స్వాతికి ఏడేళ్ళు, చిన్నూకి నాలుగున్నర. స్కూలు నుంచి మా ఇంటికి దారి వాళ్ళకి రిక్షాలో కూర్చుని చూసినంత వరకే తెలుసు. మిరపకాయలు తీసుకున్నానో లేదో గుర్తులేదు. పరుగెత్తడం గుర్తుంది.

పిల్లలు దొరికారు. ముందే చెప్పేస్తాను, ఇలాంటివి దాచిపెట్టి రాయడం నావల్ల కాదు. ఇప్పుడు పక్క గదిలో దోమతెర కింద నిద్రపోతున్నారు, ఇందాక కూడా ఒకసారి చూసి వచ్చాను. అది రెండేళ్ళ కిందటి సంగతి. ఇవాళ సాయంత్రం టీవీలో తెలుగు వార్తలు అయిపోవచ్చాక, వాతావరణం చెప్పబోయే ముందు ఒక్క వాక్యం చదివారు. మాజీ విద్యాశాఖ మంత్రి అనారోగ్యంతో కన్నుమూశారని. చూపించిన ఫొటోలో జుట్టు నల్లగా ఉంది. మెడలో పూలదండ, పక్కన మైకు. ఆ మనిషి నాకు తెలియదు. నాకు తెలిసిన ఆయన నెరిసిన జుట్టుతో, జేబులో సుద్దముక్కలతో మా వీధిలో నడిచేవారు.

ఈ రెండేళ్ళూ ఆయన్ని నా పిల్లల దగ్గరికి రానివ్వలేదు. తల్లిగా నేను చెయ్యవలసిన పనే చేశానని నిన్నటిదాకా అనుకున్నాను. ఇవాళ ఆ ఒక్క వాక్యం విన్నాక, అవునో కాదో తెలియకుండా పోయింది. అందుకే ఆయన గురించి నాకు తెలిసిందంతా ఒకచోట రాసి చూద్దామని కూర్చున్నాను.

ఆయన ఇల్లు మా ఫిల్మ్ నగర్ వాలుకి పైన, జూబ్లీ హిల్స్ వైపు, బండల మధ్య ఉంది. మేం కింద ఒక మేడలో పై వాటాలో కిరాయికి ఉంటున్నాం. మావారు ఒక సినిమా నిర్మాణ సంస్థలో ప్రొడక్షన్ మేనేజరు. నెలకి సగం రోజులు ఔట్‌డోర్ షూటింగుల్లోనే. ఇంట్లో నేనూ పిల్లలే.

మంత్రి పదవి పోయి చాలా ఏళ్ళయినా ఆయనకి ఒక అలవాటు మాత్రం పోలేదు. బడి కనిపిస్తే లోపలికి వెళ్ళేవారు. సర్కారు బడా, ప్రైవేటు బడా అన్న తేడా లేదు. ముందుగా కబురు లేదు, వెంట ఎవరూ లేరు. తెల్ల ధోవతి, తెల్ల లాల్చీ, పొడుగాటి కండువా. గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడేవాడు, టీచర్లు లేచి నిలబడేవారు, పిల్లలు సరేసరి. హెడ్మిస్ట్రెస్ తన కుర్చీ చూపిస్తే కూర్చునేవారు కాదు. నేరుగా వెళ్ళి ఏదో ఒక క్లాసులో ఆఖరి బెంచీ మీద, పిల్లల పక్కన ఇరుక్కుని కూర్చునేవారు. "ముందు కూసున్నోళ్ళకు సారు కనవడతడు. ఎనక కూసుంటెనే బడి కనవడతది," అనేవారట.

పిల్లల్ని ఎక్కాలు అడిగేవారు కాదు. స్వాతి ఒకరోజు ఇంటికొచ్చి చెప్పింది. మంత్రి తాత వచ్చి, "ఇయ్యాల బడికి ఎవరు రాలేదు?" అని అడిగారట. ఎవరో ఒక పిల్ల పేరు చెబితే, "ఎందుకు రాలే? మీల ఎవరన్న పోయి అడిగిన్రా?" అన్నారట. ఎవరూ అడగలేదట. "అయితే మీరేం దోస్తులు?" అన్నారట. వచ్చినవాళ్ళ గురించి ఆయనకి పెద్దగా పట్టేది కాదు, రానివాళ్ళ గురించే. రాజకీయాల్లోకి రాకముందు ఆయన పల్లెల్లో మాస్టారు. బడికి రాని పిల్లల కోసం పొలాలకీ, గొర్రెల మందల దగ్గరికీ వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేవారట. ఆ సంగతి ఆయనే చెప్పేవారు, ఎదుటివాళ్ళు విన్నా వినకపోయినా.

వెళ్ళేటప్పుడు నల్లబల్ల కింద పడివున్న సుద్దముక్కలు ఏరి జేబులో వేసుకునేవారు. చివరిగా బడి పిల్లలందరూ ఆవరణలో నిలబడి అరిచేవారు: "సెలవు! సెలవు!" మంత్రి బడికొస్తే మర్నాడు సెలవివ్వడం ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. నా చిన్నప్పుడు మా ఊరి హైస్కూలుకి ఒక మంత్రి వచ్చి వెళ్ళాడు, ఆయన పేరు ఇప్పుడు చెప్పలేను గాని సెలవిచ్చిన సంగతి మాత్రం చెప్పగలను. మా పిల్లల స్కూల్లో ఈయన్నీ అలాగే అడిగేవారు. ఆయన చెయ్యెత్తి, "రేపు సెలవు," అనేవారు. టీచర్లు ఆ సాయంత్రం పిల్లల డైరీల్లో రాసి పంపేవారు. ఏటా రెండుసార్లు జరిగేది. ఆయనకి ఆ అధికారం ఎవరిచ్చారని అడిగినవాళ్ళు లేరు. నేనూ అడగలేదు. ఒక్కరోజు సెలవే కదా అనుకున్నాను.

నేను ఆయన్ని దగ్గరగా చూసింది షూటింగులో. ఆయన ఇంటి వరండా మావారి సినిమాకి తీసుకున్నారు. కథలో మంత్రిగారిల్లు. నేను పిల్లల్ని తీసుకుని చూడ్డానికి వెళ్ళాను. గేటు బయట ఎర్రలైటు కారు పెట్టారు, తుపాకులతో ఇద్దరు పోలీసు వేషాల వాళ్ళు నిలబడ్డారు. మంత్రి వేషం వేసినాయన వరండాలో కుర్చీలో కూర్చుని, ఒక ముసలమ్మ ఇచ్చిన అర్జీ తీసుకుని శ్రద్ధగా చదువుతున్నాడు. ఇల్లుగలాయన ఒక మూల స్టూలు మీద కూర్చుని చూస్తున్నారు. రెండుసార్లు ఊరుకున్నారు. మూడోసారి ఉండబట్టలేక లేచారు.

"అట్ల కాదు బాబూ. మంత్రి అర్జీ చదవడు."

డైరెక్టరు నవ్వి, "మరేం చేస్తాడు సార్?" అన్నాడు.

"అర్జీ పక్కోనికిస్తడు. తను మాత్రం ఇచ్చినోని మొఖం చదువుతడు. కాయితంల అందరు ఒక్కతీర్గనే రాస్తరు."

వేషం వేసినాయన అలాగే చేశాడు. నిజంగానే బాగుంది. అందరూ చప్పట్లు కొట్టారు. లైట్లు పట్టుకునే నడివయసు మనిషి ఒకాయన అప్పుడు ముందుకొచ్చి ఆయన కాళ్ళకి దండం పెట్టాడు.

"సార్, నేను గుర్తున్నానా? మా ఊరి బడికొచ్చారు. మాకు సెలవిచ్చారు."

ఆయన ముఖం ఒక్క క్షణం వెలిగి, ఆరిపోయింది. ఆ పక్కనే నేనుంటే నాతోనే అన్నారు. "జూస్తివా బిడ్డా. ఆ ఊళ్ళె బడి కట్టించింది నేనే. అది యాదికి లేదు వానికి. సెలవు యాదికుంది. ఓట్లప్పుడు గూడ గంతే. సెలవిచ్చిన మంత్రి అన్నరు, దండమేసిన్రు, ఓటు ఇంకోనికేసిన్రు."

"మరి సెలవివ్వడం మానేస్తే సరి కదండీ," అన్నాను చనువుగా.

"మానేస్తె ఏముంటది నా తాన ఇయ్యనీకె?" అన్నారు. నవ్వుతూనే అన్నారు.

నాకు ఆయన మీద ఇష్టం కలిగింది ఆ రోజే. ఇంటికొచ్చి మా ఓనరమ్మతో చెప్పాను. ఆవిడ రిటైరైన టీచరు, మధురానగర్‌లోని వాళ్ళ పాత ఇంటి నుంచి ఈ మేడకి మారారు. మందారపువ్వులు కోస్తూ వింటున్న మనిషి గిన్నె కింద పెట్టేశారు.

"గా మనిషి ముచ్చట నా దగ్గర తియ్యకమ్మా."

"ఏం పిన్నిగారూ?"

"ఆయన మంత్రిగున్నప్పుడు నన్ను ఆదిలాబాదు అవతల అడివిల ఏసిండు. నా బిడ్డకు ఆరేండ్లు. ఆడ ఉండనీకె ఇల్లే లేదంటె దానినెట్ల తీస్కపోను? మా అత్త తాన ఇడిసి పోయిన. మూడేండ్లు. పండుగకొస్తె బిడ్డ నన్ను చూసి తలుపెనక దాక్కున్నది."

"ఎందుకు వేశారు అక్కడ?"

"ఆడ సార్లు లేరట. పిలగాండ్లు ఎదురు చూస్తున్రట. మంచిదే. నా పిల్ల గూడ పిల్లనే గద?"

బడికి రాని పిల్లల కోసం పొలాల్లో తిరిగిన మనిషీ, ఈవిడ పిల్లని తల్లికి దూరం చేసిన మనిషీ ఒకరే. ఆ బదిలీ సంతకం పెట్టినప్పుడు ఆయన ఈవిడ ముఖం చదివారా? ఈవిడ అసలు ఆయన ఎదుటికే వెళ్ళలేదట. కాగితం మీద పేరు మాత్రమే వెళ్ళింది.

ఇక ఆ రోజు సంగతి.

స్కూలుకి చేరేసరికి ఆవరణ ఖాళీగా ఉంది. ఒక అద్దె బంగళాలో నడిచే చిన్న స్కూలు అది. నీళ్ళ కుళాయి ఎవరో కట్టెయ్యకుండా వదిలేసి వెళ్ళారు, నీళ్ళు కారిపోతున్నాయి. హెడ్మిస్ట్రెస్ గారు వరండాలో నిలబడి ఉన్నారు. కృష్ణాజిల్లా మనిషి, మాతో ఎప్పుడూ మర్యాదగా మాట్లాడతారు.

"మా పిల్లలేరండీ?"

"ఆయన సెలవన్నారండీ. అనగానే పిల్లలు గేటు మీద పడ్డారు. వాచ్‌మన్ తెరిచేశాడు."

"ఆయన మంత్రి కాదు కదండీ! ఎప్పుడో దిగిపోయారు!"

"మాకు మాత్రం తెలియదాండీ? కానీ ఎదురుగా నిలబెట్టి, అయ్యా మీరు మంత్రి కాదు అని ఎలా అంటాం?"

"ఎప్పుడూ రేపు సెలవు అంటారు కదా?"

"ఎప్పుడూ రేపే అంటారు. ఇవాళే ఏమిటో..." అని ఆగిపోయారు. "మిగిలిపోయిన చిన్నపిల్లల్ని ఆయనే వెంటబెట్టుకుని తన ఇంటికి తీసుకెళ్ళారు. మీవాళ్ళు అందులో ఉన్నారో లేదో నేను చూసుకోలేదండీ. మీకు దణ్ణం పెడతాను, తిట్టకండి."

తిట్టడానికి నాకు టైం లేదు. పై ఇళ్ళకి అడ్డదారి బండల మధ్య నుంచి పోతుంది. అప్పట్లో జూబ్లీ హిల్స్‌లో ప్రతి స్థలంలోనూ ఇంటికోసం బండలు పేల్చేవారు. మధ్యాహ్నం భోజనాలకి ముందు పేల్చడం రివాజు. నేను సగం దూరం ఎక్కానో లేదో ఈల వినపడింది. కర్రకి కట్టిన ఎర్రగుడ్డ ఊపుతూ ఒకతను నాకడ్డం పరుగెత్తుకొచ్చాడు.

"ఏయ్ అక్కా! ఆగు! పేల్తది!"

"పిల్లలు... ఇటు పిల్లలు వెళ్ళారా?"

"ముందు కూసో!"

భుజం నొక్కి ఒక బండ చాటున కూర్చోబెట్టాడు. చెవులు మూసుకున్నాను. ఆ కాసేపట్లో నేను మొక్కని దేవుడు లేడు. భూమి అదిరింది. చిన్నచిన్న రాళ్ళు చాలాసేపు, ఒకటి తర్వాత ఒకటి, మా చుట్టూ పడుతూనే ఉన్నాయి. దుమ్ము అణిగాక అతను నా ముఖం చూసి మెత్తబడ్డాడు.

"పిలగాండ్లు పోయిన్రక్కా గింతకుముందే. తెల్లబట్టల పెద్దాయన తీస్కపోయిండు. ఆయన కండువ పట్టుకొని పోయిన్రు అందరు, కోడిపిల్లల లెక్క. నన్ను గూడ బెదిరిచ్చిండు. వీళ్ళు పోయినంక గాని అగ్గి పెట్టినవో, చూస్కో అని."

ఆయన వరండాలో, షూటింగులో మంత్రి కూర్చున్న చోటే, ఏడుగురు పిల్లలు గోడవారన వరసగా కూర్చుని స్టీలు పళ్ళాల్లో పెరుగన్నం తింటున్నారు. ఆయన ఆ వరస చివర నేల మీద కూర్చున్నారు. చిన్నూ గడ్డం నిండా పెరుగు. నన్ను చూసి ఆవకాయ ముక్క ఎత్తి చూపించాడు. స్వాతి మాత్రం తల పైకెత్తలేదు. నేను జుట్టు ఊడిపోయి, కొంగంతా దుమ్ముతో, చెప్పులు లేకుండా వెళ్ళాను. నన్నలా చూసి భయపడిందనుకున్నాను.

"ఏందమ్మా గట్ల ఉరికొస్తివి? పిలగాండ్లు గీడనే ఉన్నరు. మా డ్రైవరును మీ ఇంటికి తోలిన, తాళమున్నదన్నడు. జర కూసో, నీళ్ళు తాగు. ఫికర్ చెయ్యకు."

ఆ 'ఫికర్ చెయ్యకు' అన్న మాటకి నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. పిల్లలిద్దరినీ రెక్క పట్టుకుని లేపాను.

"ఎవరండీ మీరు సెలవివ్వడానికి? రెండు వందల మంది పిల్లల్ని రోడ్డు మీదికి తోలి, ఏడుగురికి అన్నం పెడితే సరిపోయిందా? మిగతావాళ్ళెక్కడున్నారో తెలుసా మీకు?"

"తెల్వదు," అన్నారు.

"మీకిదేం కొత్త కాదులెండి. తల్లుల్ని పిల్లల్నీ విడదీయడం మీకు అలవాటేగా. మా ఓనరమ్మగారు చెప్పారు. ఆదిలాబాదు పంపించారట, కూతురికి ఆరేళ్ళప్పుడు."

ఆయన నేల మీద చెయ్యి ఆనించి, కష్టంగా లేచి నిలబడ్డారు.

"పేరు చెప్పు ఆమెది."

"ఎందుకు? మళ్ళీ బదిలీ చేస్తారా?"

అలా అన్నందుకు నాకే ఆశ్చర్యం వేసింది. నేను పెద్దవాళ్ళని ఎదిరించి మాట్లాడే మనిషిని కాదు. ఆయన నా ముఖం కేసి అలా చూస్తూ ఉండిపోయారు. అర్జీ పక్కన పెట్టి ముఖం చదివే చూపు అదేనేమో. "తప్పు నాదే బిడ్డా. అంత నాదే," అన్నారు. నేను మెట్లు దిగుతుంటే వెనక నుంచి పిలిచి మరొక మాటన్నారు.

"పాపనేమనకు."

నాకది అర్థం కాలేదు. పాపనెందుకు అంటాను? చేసిందంతా చేసి, నా కూతుర్ని ఎలా చూసుకోవాలో నాకు చెబుతున్నాడు చూడు అనుకుంటూ వచ్చేశాను.

ఆ రోజు ఒకటో తరగతి పిల్లవాడొకడు సాయంత్రం నాలుగింటిదాకా దొరకలేదు. పెద్దపిల్లల వెంట పడి నడుచుకుంటూ వెంగళరావు నగర్‌లో వాళ్ళ మేనత్త ఇంటికి పోయాడు. వాడు దొరికేదాకా ఆయన స్కూలు గేటు దగ్గరే ఎండలో నిలబడి ఉన్నారని, వాడి తండ్రి వచ్చి ఆయన లాల్చీ పట్టుకోబోతే టీచర్లు అడ్డం పడ్డారని తర్వాత విన్నాను. ఆ తర్వాత ఆయన మరే బడికీ వెళ్ళలేదు.

మావారు ఔట్‌డోర్ నుంచి వచ్చి నన్నే కోప్పడ్డారు. "ఆయనతో అలా మాట్లాడతావా? రేపు మళ్ళీ షూటింగుకి మాకు ఆ ఇల్లు కావాలి," అన్నారు. పిల్లల సంగతి నేను పూర్తిగా చెప్పాక ఊరుకున్నారు. నేను పిల్లలకి గట్టిగా చెప్పాను: మంత్రి తాత ఇంటివైపు వెళ్ళకూడదు, పిలిస్తే పలకకూడదు, ఏదైనా ఇస్తే తీసుకోకూడదు. చిన్నూ ఎందుకని అడిగాడు. స్వాతి అడగలేదు.

బడులు మానేశాక ఆయన రోజూ సాయంత్రం మా వీధిన నడవడం మొదలుపెట్టారు. మా గేటు దగ్గర ఆగేవారు. లోపలికి వచ్చేవారు కాదు.

"పిలగాండ్లు మంచిగున్నరా బిడ్డా?"

"ఉన్నారండీ." గేటు తీసేదాన్ని కాదు.

"బడికి పోతున్రా?"

"వెళ్తున్నారండీ."

మా ఓనరమ్మ కింది వరండాలో కూర్చుని పేపరు చదువుకుంటూ ఉండేవారు. ఆయన వస్తే పేపరు పైకెత్తి ముఖానికి అడ్డం పెట్టుకునేవారు. ఒకరోజు నేను మేడమీద నుంచి చూస్తుండగా ఆయన ఆ పేపరు వైపు తిరిగి రెండు చేతులూ జోడించారు. ఆదిలాబాదు వెళ్ళిన టీచరమ్మ ఆవిడేనని ఎలా తెలుసుకున్నారో తెలియదు. ఆవిడ పేపరు దించలేదు. ఆయన వెళ్ళిపోయాక ఎంతసేపటికీ పేజీ కూడా తిప్పలేదు.

చివరిసారి కనిపించింది పోయిన ఎండాకాలం. చిక్కిపోయారు. లాల్చీ వదులైపోయి జేబు కిందికి వేలాడుతోంది, అందులో ఇంకా ఏవో ముక్కలు ఉన్నట్టే ఉన్నాయి.

"ఒక్కపారి పిల్లలను చూపిస్తవా బిడ్డా?"

"నిద్రపోతున్నారండీ," అన్నాను.

సాయంత్రం ఐదున్నర. సరిగ్గా అప్పుడే పైనుంచి స్వాతి గొంతు వినిపించింది, చిన్నూ మీద ఏదో అరుస్తోంది. నా అబద్ధం మా ఇద్దరి మధ్య గేటు మీద అలా నిలబడిపోయింది. ఆయన పైకి చూడలేదు. నా ముఖం వైపూ చూడలేదు, అదే నాకు గుర్తుండిపోయింది.

"నిద్రపోనియ్యి," అన్నారు. "లేపకు."

రాయాల్సింది ఇంతేనేమో. చదివి చూసుకుంటే ఇంకా గందరగోళంగా ఉంది. రెండు వందల మందిని వదిలేసినాయనా ఆయనే, ఏడుగురిని కండువా పట్టించి ఇంటికి చేర్చినాయనా ఆయనే. నేను ఏ మనిషిని గేటు బయట నిలబెట్టాను? ఆ రోజు పేలిన బండ శబ్దం తలచుకుంటే ఇప్పటికీ లేచి వెళ్ళి పిల్లల్ని చూసి వస్తాను. ఐదున్నరకి నేను ఆడిన అబద్ధం తలచుకుంటే కూడా.

రాత్రి ఇంతవరకు రాసి పడుకున్నాను. మిగిలింది పొద్దున జరిగింది.

రేడియో పెట్టి చూశాను, సెలవేమీ ప్రకటించలేదు. మా ఓనరమ్మ మెట్ల దగ్గర ఎదురై, పదింటికి ఆయన్ని సొంత ఊరికి తీసుకుపోతారట అన్నారు. నేనడగకుండానే చెప్పారు. ఆవిడ చేతిలో పేపరు మడతపెట్టే ఉంది. పిల్లలు యూనిఫాం వేసుకున్నారు. స్వాతికి రిబ్బన్లు కడుతూ చెప్పాను.

"మంత్రి తాతగారు చనిపోయారు."

"అయితే సెలవా?" అన్నాడు చిన్నూ.

వాడి నెత్తిమీద ఒకటి మొట్టబోయి ఆగాను. స్వాతి మెడ నా చేతుల్లో బిగుసుకుంది.

"అమ్మా, ఆ రోజు తాతగారు రేపు సెలవు అన్నారు."

"ఏ రోజు?"

"నువ్వు చెప్పులు లేకుండా వచ్చిన రోజు. రేపు సెలవు అన్నారు. నేనే లేచి, 'రేపొద్దు, ఇవాళే' అని అరిచాను. అప్పుడు అందరూ ఇవాళే, ఇవాళే అని అరిచారు. తాతగారు మేడంవైపు చూశారు. మేడం నవ్వారు. అప్పుడు సరే అన్నారు."

రిబ్బను నా చేతిలో ఉండిపోయింది.

"నాకెందుకు చెప్పలేదే?"

"దారిలో తాతగారికి చెప్పాను, అమ్మ కొడుతుందని. 'మీ అమ్మ నన్ను తిడుతదిలే, నిన్ను కొట్టది. నువ్వు చెప్పకు' అన్నారు." ఆయన యాసలోనే అంది. అప్పుడు ఏడవడం మొదలుపెట్టింది. "నువ్వు నిజంగానే తిట్టావు."

ఏడేళ్ళ పిల్ల అరిస్తే అంత వయసున్న మనిషి గేటు తీయించడమేమిటి? ఇప్పటికీ నాకు అది తప్పుగానే ఉంది. కానీ ఈ రెండేళ్ళలో ఎన్నిసార్లు ఆయన గేటు దగ్గర నిలబడ్డారు, ఒక్కసారైనా ఆ మాట అనలేదు. అని ఉంటే నేను గేటు తీసేదాన్నేమో. అందుకే అనలేదేమో. నాకు తెలియదు.

మల్లయ్య కింద రిక్షా బెల్లు కొడుతున్నాడు. స్వాతి నోటుపుస్తకంలోంచి కాగితం చింపి సెలవు చీటీ రాశాను. కారణం దగ్గర కలం ఆగింది. బడిపిల్లలందరూ రాసే కారణమే రాశాను: తాతగారు పోయినందున. చీటీ మల్లయ్యకిచ్చి స్కూల్లో ఇమ్మన్నాను.

"సెలవు నువ్విచ్చావా?" అన్నాడు చిన్నూ, నమ్మకం లేకుండా.

"యూనిఫాం విప్పకండి. ఇలాగే తాతగారింటికి నడిచి వెళ్దాం," అన్నాను. "మీ ఇద్దరూ వచ్చారని ఆయనకి తెలియాలి."

"ఆ రోజు తాతగారు ఏమన్నారో తెలుసా అమ్మా?" చిన్నూకి అప్పుడు నాలుగున్నర, అయినా వాడికి గుర్తుంది. "కండువ ఇడిసినోళ్ళకు సెలవు క్యాన్సిల్ అన్నారు. మేం ఎవ్వరం వదల్లేదు."

మెట్లు దిగి వీధిలోకి వచ్చాక నా చీర కొంగు తీసి, రెండు చివర్లూ ఇద్దరి చేతుల్లో పెట్టాను.

"రోడ్డు దాటేదాకా పట్టుకోండి," అన్నాను. "ఇడిసినోళ్ళకు సెలవు క్యాన్సిల్."